కొండను చూడ నేర్చినవాడే చిత్రమును తీయగలడు

నేడు విద్యార్థుల చేతికి ఛాయాచిత్ర యంత్రము సులభముగా వచ్చినది. ఇంటనున్న పెద్దల ఫోనే కెమెరా యగుటచే, సెలవుదినము వచ్చిన చాలు, కొండలను చెరువులను చిత్రించి మాకు చూపు బాలబాలికలు పలువురు గలరు. ఈ యుత్సాహము మాకు మిక్కిలి సంతోషదాయకము. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. నూఱు చిత్రములు చూచినను అన్నియు నొక్కటే చిత్రమువలె నున్నవి: వెనుక మసకబాఱిన కొండ, పైన తెల్లని ఆకాశము, ముందు ఏమియు లేని బయలు. కారణ మడిగినచో “మంచి కెమెరా లేదు” అందురు. కొఱత కెమెరాలో లేదనియు, చూపులో నున్నదనియు మా యభిప్రాయము.

ప్రకృతిచిత్రమునకు మూలద్రవ్యము వెలుగు. మన సేత్తూరునకు పడమటి కనుమలు పడమటి దిక్కున గోడవలె నిలిచియున్నవి. కావున ఉదయమున తూర్పునుండి వచ్చు ఎండ కొండముఖముపై బడి, లోయలను, బండలను, చెట్లను విడివిడిగా చూపును. సాయంకాలమున సూర్యుడు కొండ వెనుకకు బోవును గనుక కొండ నల్లని అంచు మాత్రముగా మిగులును. మధ్యాహ్నమున నీడలు పొట్టివై దృశ్యమంతయు చదునుగా తోచును. కొండ మేనిని చూపదలచినవాడు ఉదయముననే లేవవలెను. కొండ యంచును చూపదలచినవాడు సాయంకాలమునకు వేచియుండవలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన తిరుపతిలో ఈ నియమము పనికిరాదు. అచట కొండ ఊరికి ఉత్తరమున నున్నది. చలికాలమున సూర్యుడు దక్షిణముగా సంచరించును గనుక, ఉదయ సాయంకాలములు రెంటను ఎండ ఆ కొండపై ఏటవాలుగా బడును. ఏ పుస్తకములోని నియమమైనను మన ఊరి దిక్కులతో సరిచూచుకొననిదే ఫలింపదు.

తెల్లబోవు ఆకాశపు చిక్కు నేటిది కాదు. 1858లో లినేయస్ ట్రైప్ అను చిత్రగ్రాహకుడు మధురకు వచ్చి, తిరుమల నాయకుని మహలును, ఆలయమును కాగితపు నెగటివులపై చిత్రించెను. ఆనాటి రసాయనములు నీలికాంతిని అతిగా గ్రహించుటచే ఆకాశము వెలవెలబోయెడిది. అందుచే ట్రైప్ తన నెగటివులు కొన్నింటిపై రంగుపూసి మేఘములను చేతితోనే దిద్దెను. మనకంత శ్రమ లేదు. ఫోను తెరపై ఆకాశమున్న చోట వ్రేలు మోపి వెలుగును కొంచెము తగ్గించినచో మబ్బు నిలుచును. కటకమును మెత్తని గుడ్డతో తుడుచుట, ఫోనును రెండు చేతులతో కదలకుండ పట్టుట, తెరపై గీతలు పెట్టుకొని నేల వాలకుండ చూచుట, దూరపు వస్తువును తెరపై సాగదీయక కాలినడకన దగ్గఱకు బోవుట: మొదట నేర్వవలసిన యంత్రవిద్య యింతే.

మిగిలినది మనసు పని. 1927లో ఏన్సెల్ ఆడమ్స్ అను అమెరికా చిత్రగ్రాహకుడు యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ అను మహాశిలను పసుపుపచ్చ వడపోత అద్దముతో చిత్రించెను. తన మనసున దోచిన గాంభీర్యము అందు రాదని గ్రహించి, మిగిలిన ఒకే పలకపై ఎఱ్ఱ అద్దముతో మరల చిత్రించెను. ఆకాశము నల్లనై శిల గంభీరముగా నిలిచెను. ఒక్క పలక మిగిలినవాడు ఆలోచించును. వేయి చిత్రములు పట్టు ఫోను గలవాడు ఆలోచింపడు. కావున తీయుటకు ముందు “నన్నిచ్చట నిలిపిన దేమి?” అని ప్రశ్నించుకొనుడు. అది తాటిచెట్టైనచో దానికే ప్రాధాన్యమిచ్చి తక్కినవానిని విడువుడు. కొండ యెత్తు తెలియవలెనన్న, ముందు గట్టుపై నడచు మనుజుడో మేయు ఆవో యుండవలెను.

ఇట్లు చూచుట నేర్పు గురువు మన భాషలోనే యున్నాడు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు రంగస్థలమైన శ్రీవిల్లిపుత్తూరు మనకు దవ్వు గాదు. ఆ యూరి వర్ణనలో ఒక వేకువ దృశ్యము గలదు. వరిమళ్ల కాలువలలో బాతులు తలలను ఱెక్కలలో దూర్చి నిద్రించుచుండును. కావలివారు వానిని చూచి, తెల్లవారుజామున స్నానమాడి వెళ్లిన బ్రాహ్మణులు మఱచిపోయిన పిడిచిన బట్టలని భ్రమించి, వారి యిండ్లకు చేర్పదలచి రేవులకు దిగుదురు. అంతట బాతులు పరుగెత్తును; వరిచేలు కాచు పడుచులు నవ్వుదురు. చాలీచాలని వెలుగు, తెల్లని ముద్దలు, నీటి యొడ్డు, మనుష్యుల చేష్ట, అన్నియు నొక్క చట్రమున నిమిడినవి. కెమెరా పుట్టని కాలపు చిత్రమిది!

కావున విద్యార్థులకు మేము సూచించు సాధన యొక్కటి. ఒక్క చెరువుకట్టపై ఒక్కచోట నిలిచి, నెలకొక చిత్రము చొప్పున ఏడాదిపాటు తీయుడు. జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనపు మబ్బులు శిఖరములపై కూడును. మనవైపు వాన స్వల్పము. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముతో చెరువులు నిండును. వేసవిలో దూరపు కొండ ధూళిలో మాయును. ఇందుకై అడవిలోనికి బోనక్కఱలేదు. పై కొండలు 2021లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యమున చేరినవి. అనుమతి లేక అందు అడుగిడరాదు. చిత్రము కొఱకు జలపాతపు బండల నెక్కుటయు తగదు.

ప్రతి చిత్రము క్రింద నెల, వేళ, స్థలము వ్రాసి, అందు కనబడు వానికి తెలుగు పేర్లు వ్రాయుడు. చిత్రకళకును భాషకును సంబంధమేమని కొందఱు అడుగవచ్చును. పేరెఱుగనిదానిని కన్ను దాటిపోవును. చెరువంతయు ‘లేక్’ అనుకొను బాలునికి అది మెఱయు నీరు మాత్రమే. తూము, కలుజు, మడవ, గట్టు, మెరక, పల్లము అని యెఱిగినవానికి అందు ఆఱు చిత్రములు దొరకును. తమిళమున కణ్మాయి, కలింగు, మడై అను పేర్లను ప్రక్కనే వ్రాయుడు; ఇరుగుపొరుగు భాషతో మనకు వైరము లేదు. కాని ఇంటిమాటను మనమే పలుకకున్న ఈ నేలపై దానిని పలుకువా రెవ్వరు?

పొలములు ఇండ్ల స్థలములగు కాలమిది. పాఠశాల గ్రంథాలయమున ఏటేట ఒక చిత్రసంపుటము చేర్చవలెనని మా కోరిక. నేటి చెరువును రేపటివారు చూడగలరో లేదో చెప్పజాలము. చూడజాలనిచో, దాని రూపమును పేరును మీ చిత్రమే వారికి చెప్పవలెను.