వర్క్‌షాపు నేలకు పైపూత చాలదు

యంత్రానికి రక్షణ కంచె వున్నదా, లేదా అని అందరూ చూస్తారు. ఆ యంత్రం ముందు ఎనిమిది గంటలు నిలబడే కార్మికుని కాళ్ల కింద నేల ఎట్లా వున్నదో చూసేవారు తక్కువ. బాలానగర్ మొదలు పీణ్య, కోయంబత్తూరు వరకు అనేక లేత్ షెడ్లలో పెచ్చులూడిన రంగు, గుంటలలో నిలిచిన నూనె, దానిపై చల్లిన రంపపు పొట్టు నిత్యదృశ్యాలు. తిరుగుతున్న యంత్రాల నడుమ కాలు జారినవాని చేయి ఎక్కడ పడుతుందో వేరే చెప్పనవసరం లేదు.

నేల గట్టిగా వుండాలని, జారకుండా వుంచాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 32వ సెక్షను నిర్దేశించింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. గాయాలకు దారితీసే ప్రమాదాలు లేకుండా పనిస్థలాన్ని వుంచవలసిన బాధ్యత ఈ కోడ్ 6వ సెక్షను ప్రకారం కూడా యజమానిదే. నేల మరమ్మతు యాజమాన్యపు దయ కాదు.

అయితే మరమ్మతు పేరిట జరుగుతున్నదేమిటి? వారపు సెలవునాడు ఇద్దరు కాంట్రాక్టు కూలీలు వచ్చి, నేల ఊడ్చి, పాత రంగుపైనే కొత్త రంగు పూసి పోతారు. మరునాటి ఉదయం షిఫ్టు మామూలే. కొద్ది నెలలకే ట్రాలీ చక్రాల వెంట పొరలు లేస్తాయి. తప్పు డబ్బాలోని రంగుది కాదు. నూనె పీల్చుకున్న కాంక్రీటును ఏ రంగూ పట్టుకొని వుండదు. అడుగునుండి చెమ్మ ఎక్కుతున్న నేలపై ఎపాక్సీ బుడగలు కట్టి ఊడిపోతుంది.

ముందు నూనెను కడిగివేయాలి. ఊడుతున్న రంగును గీకి, గ్రైండరుతో నేలను గరుకు చేయాలి. గుంటలను, పగుళ్లను ఎపాక్సీ మోర్టారుతో పూడ్చాలి. చెమ్మ పరీక్షకు ఖర్చేమీ లేదు: ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో అంటించి, 16 గంటల తరువాత ఎత్తి చూడాలి. అడుగున తడి కనిపిస్తే రంగు వేయరాదు. ఆ తరువాతనే ప్రైమరు, దానిపై రెండు పూతలు. నడిచే దారులలో పూతపై సన్నని ఇసుక చల్లించాలి. లేనిచో నిగనిగలాడే ఎపాక్సీపై ఒక్క నూనె చుక్క పడినా పాత నేలే మేలనిపిస్తుంది. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడడానికి సుమారు వారం పడుతుంది.

తగాదా అంతా ఈ వారం గురించే. ఉత్పత్తి ఆగుతుందని యాజమాన్యం అంటుంది. షెడ్డును రెండు భాగాలుగా చేసి పని జరిపించటానికి మాకు అభ్యంతరం లేదు. దుమ్ము, వాసన రెండవ భాగానికి రాకుండా అడ్డుతెరలు కట్టాలి. పని లేని దినాలకు వేతనం కోయరాదు.

ఇక గ్రైండరు పట్టిన కూలీ మాట. కాంక్రీటు దుమ్ములోని సిలికా వలన వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. పాత పసుపు గీతలలో సీసం వుండవచ్చును. ఎపాక్సీ హార్డెనరు చర్మానికి ఒకసారి పడకపోతే, ఆపై కొద్దిగా తగిలినా దద్దురు లేస్తుంది. ఆ కూలీ పేరు మన సభ్యత్వ పుస్తకంలో వుండదు, కాని ఆ దుమ్ము మన షెడ్డులోనిదే. భద్రతాధికారి నియామకాన్ని కోడ్ 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్నచోట 250 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలకే తప్పనిసరి చేసింది. చిన్న షెడ్లలో ఈ బాధ్యతను యూనియను కమిటీలే తలకెత్తుకోవాలి. నీటితోనో, దుమ్ము పీల్చే యంత్రంతోనో గ్రైండింగు చేయించాలి. తగిన మాస్కు, చేతి తొడుగులు ఇప్పించాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకొని కూలీ గ్రైండరు నడుపుతున్నచోట వెంటనే పని ఆపించవలసిందిగా మా శాఖలన్నిటినీ కోరుతున్నాము.