‘అనగనగా’ ఎటు నుంచి చదవాలి?

పిల్లలూ, మొన్న మా మనవడు తాను రాసుకున్న కథను మరో కంప్యూటరులో తెరచి లబలబలాడాడు. ‘అనగనగా’ అని మొదలు కావలసిన చోట ఎన్నడూ చూడని అక్షరాలు! ఫైలు పాడైపోయిందని చెరిపివేయబోతూంటే చెయ్యి పట్టుకొని ఆపాను.

యంత్రం దాచేవి అక్షరాలు కావు, సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్యను బైటు అంటారు. అది 255 దాటదు. యూటీఎఫ్-16 పద్ధతిలో ‘అ’కు 12, 5 అని రెండు బైట్లు. కొన్ని యంత్రాలు వాటిని 5, 12 అని తిరగవేసి దాస్తాయి. ఆ సంగతి తెలియక చదివితే మన ‘అ’ కాస్తా రష్యాలోని కోమి భాష కోసం కల్పించిన అక్షరమై కూర్చుంటుంది!

అందుకే ఫైలు మొదట గుర్తు పెట్టే ఆచారం వచ్చింది. 254, 255 ఉంటే తిన్నగా చదవాలి. 255, 254 ఉంటే తిరగవేసి చదవాలి. తమాషా ఏమిటంటే, ఈ గుర్తును తప్పువైపు నుంచి చదివితే ఏ అక్షరమూ రాదు. ఆ స్థానాన్ని కావాలనే ఏ అక్షరానికీ ఇవ్వకుండా ఉంచారు. 239, 187, 191 ఉంటే అది యూటీఎఫ్-8 అనే వేరే పద్ధతి.

మావాడి ఫైలులో ఏ గుర్తూ లేదు. మొదటి బైట్లు చూశాం: 5, 12, 40, 12, 23, 12.

“తాతయ్యా, ప్రతి రెండవదీ పన్నెండే!” అన్నాడు వాడు. నాకంటె ముందు వాడే పసిగట్టాడని ఒప్పుకోవాలి. తెలుగు అక్షరాలన్నిటికీ ముందుండవలసిన బైటు 12. అది వెనుక ఉన్నదంటే తిరగవేసి దాచినట్టే. అలా చదవమని యంత్రానికి చెప్పగానే ‘అనగనగా’ తెరమీదికి వచ్చింది.