అయిదు చుక్కల నీళ్ల లెక్క

“ఏఐని ఒక ప్రశ్న అడిగితే పోయేదేముంది?” ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోట ఇదే మాట. దీనికి గూగుల్ 2025 ఆగస్టులో అంకెలు కూడా అందించింది: తన చాట్‌బాట్ జెమినైకి టైపు చేసే మామూలు ప్రశ్నకు 0.24 వాట్-అవర్ల కరెంటు, అయిదు చుక్కల నీళ్లు. టీవీ తొమ్మిది సెకన్లు చూసినంత కూడా కాదట. అంకె తప్పని నేననను, కొలతతోనే నా పేచీ. మోడల్ తయారీలోనే కాలిపోయిన కరెంటు అందులో లేదు. విద్యుత్ కేంద్రంలో ఆవిరైపోయే నీళ్లూ లేవు. అసలు రోజుకు ఎన్ని కోట్ల ప్రశ్నలో ఆ లెక్క చెప్పదు.

జంషెడ్‌పూర్‌లో బతికేవాళ్లం ఈ తరహా లెక్క ఎప్పుడో చూశాం. ఇక్కడి టాటా కర్మాగారంలో తొలి ఉక్కు 1912లో వచ్చింది. అప్పటినుంచి బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పడిన పాట్లలో సగం కోక్ రేటు కోసమే, అంటే టన్ను ఇనుముకు పట్టే, బొగ్గు నుంచి చేసే కోక్‌ను తగ్గించడానికే. ఆ రేటు నిజంగానే తగ్గింది, అది చిన్న విజయం కాదు. అయితే 1950ల చివరి విస్తరణతో ఏడాదికి 20 లక్షల టన్నులకు చేరిన కర్మాగారం ఇప్పుడు కోటి దాటింది. టన్నుకు మిగిలిన బొగ్గు ఇంకో టన్నులో కాలింది. మొత్తం పొగ టన్ను చొప్పున వేసే లెక్కలో కనిపించదు, మా ఊరి కద్మా పేటలో డాబా మీద ఆరేసిన బట్టల మీద కనిపిస్తుంది.

“ఏఐ తినేదానికంటే పరిశ్రమలో మిగిల్చేదే ఎక్కువ” అన్నది రెండో వాదన. అలా అనేవాళ్లు వేలు చూపించేదీ మా ఊరివైపే. 2021లో వరల్డ్ ఎకనామిక్ ఫోరం ఇక్కడి టాటా స్టీల్ ప్లాంటును డిజిటల్ టెక్నాలజీలో ముందున్న ఫ్యాక్టరీల ‘లైట్‌హౌస్’ జాబితాలో చేర్చింది. మెషీన్ లెర్నింగ్, డేటా విశ్లేషణ పుణ్యమా అని ముడిసరుకు ఖర్చు 4 శాతం, కస్టమర్లకు సరుకు అందించే ఖర్చు 21 శాతం తగ్గాయన్నారు. సంతోషం. కానీ రెండూ రూపాయల లెక్కలే, పొగ లెక్కలు కావు. పోనీ, ఇలాంటి మోడళ్లు రేపు బొగ్గూ మిగిలిస్తాయనుకుందాం. అది ప్లాంటు సెన్సర్ల అంకెలతో నడిచే పని. పెళ్లిపత్రికలు రాసే, బొమ్మలు గీసే చాట్‌బాట్ల కోసం కట్టే డేటా సెంటర్ల కథ వేరు. ఒకరి పాస్‌బుక్ చూపించి ఇంకొకరు అప్పు తెచ్చుకుంటే ఎలా?

ఆ అప్పు ఎంతో చూడండి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపువే గనక, మా మధ్యా సంబరమే. మా ఊరి పక్క జొజోబేరా బొగ్గు విద్యుత్ కేంద్రం సామర్థ్యం సుమారు 547 మెగావాట్లు. అలాంటివి దాదాపు రెండు, రాత్రీ పగలూ ఆగకుండా నడిస్తే ఒక గిగావాట్. దేశంలో కరెంటు దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గుదే. సోలార్ ఉందిగా అంటారు. రాత్రి పన్నెండింటికీ ఉందా?

ఏఐ వద్దని నేననడం లేదు. విశాఖవాసులు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయంటున్నాను: నెలకు ఎన్ని యూనిట్లు, రాత్రి యూనిట్లు ఏ కేంద్రం నుంచి, మే నెలలో ఏ రిజర్వాయరు నుంచి ఎన్ని నీళ్లు? 2019 నుంచి 2023 మధ్య తన ఉద్గారాలు 48 శాతం పెరిగాయని గూగుల్ తన నివేదికలోనే రాసుకుంది. అంత మాట ఒప్పుకున్న సంస్థకు విశాఖ మీటరు రీడింగు నెలనెలా బయటపెట్టడం కష్టం కాకూడదు.