అరిగిన వేళ్ళకు తోడెవరు?

నాట్లేసి, కలుపు తీసి, మట్టి మోసి మన అవ్వల చేతిగీతలు అరిగిపోయాయి. ఆ వేలు మిషన్ మీద పెడితే ‘పడట్లేదు’ అంటారు. అవ్వ తన తప్పే అనుకొని ఇంటికొచ్చి ముడుచుకొని పడుకుంటది. ఎవరి పొలంలో అరిగాయి ఆ వేళ్ళు? వేలు పడకపోతే కన్నో, ముఖమో చూడమని అడిగే మనిషి ఆమె పక్కన ఎందుకు లేడు?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పెన్షన్ వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళకు 15,000 చేశారు. ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచిదే. మరి జాబితాకెక్కని వాళ్ళ గడప ఎవరు తొక్కాలి?

వికలాంగ పెన్షన్‌కు సదరం సర్టిఫికెట్ కావాలి, అందులో 40 శాతం వైకల్యం ఉండాలి. అంటే నడవలేని మనిషి, నడవలేనని రుజువు చేసుకోడానికి పట్నం ఆసుపత్రి దాకా పోవాలి! 2025లో మళ్ళీ పరీక్షలు చేసి వేలాది మందికి నోటీసులిచ్చారు. అప్పీలు చేసుకోవచ్చనీ అన్నారు. చదువురాని ఇంట్లో ఆ కాగితం చూరులో దోపి ఉంటే అప్పీలు ఎవరు రాస్తారు?

డబ్బొక్కటే కాదు. బిడ్డలు చూడకపోతే 2007 చట్టం కింద డివిజన్‌లోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. తాను పోలేకపోతే తన తరఫున ఇంకొకరిని పంపొచ్చు. వృద్ధులకు ఏ కష్టమొచ్చినా 14567కు ఫోన్ చెయ్యొచ్చు. వైకల్యమున్న పిల్లలకు చదువు, వ్యాయామ వైద్యం కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అయితే ఒక మాట. కొడుకే పూట గడవక వలసపోతే అమ్మకేం పెడతాడు? అక్కడ చట్టం కొడుకు మీదికి కాదు, సర్కారు మీదికి పోవాలి.

ఇక మన సంగతి. మీటింగుకు జనాన్ని తోలుకుపోయే మనం, మీటింగుకు రాలేనివాళ్ళ లెక్క ఎన్నడైనా తీశామా? లేదు. ఈ తప్పు మనదే, దిద్దుకుందాం. పేటకు ఇద్దరు కుర్రాళ్ళు, ఒక ఆడమనిషి కలిసి నోటుపుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరగండి. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉందా? సర్టిఫికెట్ ఉందా? నోటీసు వచ్చిందా? చక్రాల కుర్చీ కావాలా? రాసుకోండి. ముందు ఊరి సచివాలయంలో అడగండి. అక్కడ కాకపోతే సోమవారం అర్జీల రోజున కలెక్టరాఫీసుకు అందరూ కలిసి పోండి. రసీదు తీసుకోకుండా రావద్దు.

ఒక్కరు పోతే ‘రేపు రా’ అంటారు. పేట కదిలిపోతే కుర్చీ వేసి అడుగుతారు. మన ముసలోళ్ళు, వికలాంగులు ఎవరి దయకోసమో ఎదురుచూడడం లేదు. మనకోసం ఎదురుచూస్తున్నారు.