24 ఏళ్ళకే ఆట మానేసిన క్రిస్ బోర్లాండ్: అలా మానేయగలిగేది ఎందరు?



మన గ్రూపులో ఎప్పుడూ కబడ్డీ, విలువిద్య, పరుగు పందేల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కాస్త దూరం పోయి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన ఒక కుర్రాడి గురించి రాస్తున్నాం. పేరు క్రిస్ బోర్లాండ్. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పెట్టుకుని ఉరికే ఆట. హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు తొడుక్కుని ఒకరినొకరు గుద్దుకుంటారు. అందులో లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్‌లో ముందు వరుస వెనకాల నిలబడేవాడు. బంతి ఎటు పోతుందో కనిపెట్టి, దాన్ని తీసుకుపోయేవాడికి ఎదురెళ్ళి పడగొట్టాలి. దాన్నే టాకిల్ అంటారు. కబడ్డీలో పట్టు పట్టేవాడి పని లాంటిదే. కాకపోతే ఇక్కడ 110 కిలోల మనిషి పూర్తి వేగంతో వచ్చి ఇంకో మనిషిని ఢీకొడతాడు. అదీ మ్యాచ్ మొత్తం, మళ్ళీ మళ్ళీ.

బోర్లాండ్‌ది ఒహాయో రాష్ట్రం. విస్కాన్సిన్ యూనివర్సిటీకి ఆడాడు. లైన్‌బ్యాకర్‌కి పొట్టివాడే అన్నారు, ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. అయినా 2014 డ్రాఫ్ట్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 49ers జట్టు మూడో రౌండులో తీసుకుంది. సీజన్ మొదట్లో బెంచి మీదే. జట్టులో పెద్ద లైన్‌బ్యాకర్ ప్యాట్రిక్ విల్లిస్ గాయపడ్డాక అవకాశం వచ్చింది, ఇక ఆగలేదు. న్యూయార్క్ జెయింట్స్ మీద ఒకే మ్యాచ్‌లో ప్రత్యర్థి విసిరిన బంతిని రెండుసార్లు మధ్యలోనే పట్టేశాడు. 14 మ్యాచ్‌ల్లోనే 100కు పైగా టాకిల్స్ చేశాడు. కొత్తగా వచ్చిన వాళ్ళలో ఇంత ఆడినవాడు అరుదు. రాబోయే పదేళ్ళు ఇతనివే అనుకున్నారు అభిమానులు.

2015 మార్చిలో, ఒక్క సీజన్ ఆడి, 24 ఏళ్ళకే ఆట మానేస్తున్నానన్నాడు.

అప్పటికి పెద్ద గాయమేం లేదు. ఆ సీజన్‌కి ముందు శిక్షణ శిబిరంలో తలకు దెబ్బ తగిలింది. కన్‌కషన్ అని తనకే అనుమానం వచ్చింది. కానీ జట్టులో చోటు పోతుందేమోనని ఎవరికీ చెప్పకుండా ఆడేశాడు. ఆ తర్వాతే తనను తాను ప్రశ్నించుకున్నాడు, ఏం చేస్తున్నాన్నేను అని. పుస్తకాలు, పరిశోధనలు చదివాడు, డాక్టర్లతో మాట్లాడాడు. సీటీఈ అనే మెదడు జబ్బు గురించి తెలుసుకున్నాడు. తలకు పదే పదే దెబ్బలు తగిలినవాళ్ళలో ఏళ్ళు గడిచాక వచ్చేది ఇది. మతిమరుపు, విపరీతమైన కోపం, దిగులు. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే కానక్కర్లేదు, లెక్కలోకి రాని చిన్న చిన్న గుద్దులు కూడా పేరుకుపోతాయి. ఇంకో భయం ఏంటంటే, మనిషి చనిపోయాక మెదడు పరీక్షిస్తే తప్ప ఇది ఖాయంగా తేలదు. ఈ ఆటగాళ్ళలో దీన్ని మొదట కనిపెట్టింది బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టరు, 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ మెదడులో. 2012లో ప్రాణం తీసుకున్న జూనియర్ సియావ్ కూడా లైన్‌బ్యాకరే, ఆయన మెదడులోనూ అదే ఉంది.

బోర్లాండ్ సంతకం చేసినప్పుడు తీసుకున్న బోనస్ 6 లక్షల 17 వేల డాలర్లు. అందులో నాలుగింట మూడు వంతులు తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు. కొందరు పిరికివాడన్నారు. చాలామంది మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకుంటున్నాం. ఒంట్లో ఏ లోపమూ లేనప్పుడే, పేరు వస్తున్నప్పుడే లేచి వెళ్ళిపోవడం మామూలు ధైర్యం కాదు.

కానీ ఆ మెచ్చుకోలు దగ్గరే ఆగిపోతే మాకు నచ్చదు. బోర్లాండ్ తెల్లవాడు. చేతిలో హిస్టరీ డిగ్రీ ఉంది. ఆట పోతే ఇంకో దారి ఉంది. అదే లీగ్‌లో సగానికి పైగా నల్లజాతి ఆటగాళ్ళు. వాళ్ళలో ఎంతోమంది మీద ఇంటిల్లిపాదీ, చుట్టాలూ ఆధారపడి ఉంటారు. ఆ ఒక్క జీతం ఆగితే ఎన్ని పొయ్యిలు ఆరతాయో లెక్కేసుకోండి. వాళ్ళు మానలేదని తెలివి తక్కువనుకుంటే పొరపాటు.

ఇంకో సంగతి చదివినప్పుడు మా రక్తం ఉడికింది. మెదడు దెబ్బతిన్న మాజీ ఆటగాళ్ళకు పరిహారం ఇస్తామని లీగ్ కోర్టులో ఒప్పందం చేసుకుంది. బోర్లాండ్ మానేసిన మరుసటి నెలలోనే జడ్జి దానికి ఆమోదం తెలిపారు. అందులో జ్ఞాపకశక్తి, ఆలోచన ఎంత తగ్గాయో కొలిచే పరీక్షలున్నాయి. ఆ కొలతలో నల్లవాళ్ళకు తెలివి మొదట్నుంచే కొంత తక్కువ ఉంటుందని లెక్కేశారు! మొదలే తక్కువ అనుకుంటే తగ్గింది కూడా తక్కువే కనిపిస్తుంది కదా. అలా ఒకే మార్కులు వచ్చినా తెల్లవాడికి పరిహారం, నల్లవాడికి మొండిచెయ్యి. కెవిన్ హెన్రీ, నజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్ళు 2020లో దీని మీద కోర్టుకెళ్ళారు. 2021లో లీగ్ ఆ పద్ధతి మానేస్తామంది. అంటే అప్పటిదాకా నడిచింది.

ఈ లెక్క మనకు కొత్తా? "మీ వాళ్ళకి ఇంతేలే, పాసైతే చాలు" అనే మాట హాస్టల్లో చదివినవాళ్ళం ఎన్నిసార్లు విన్లేదు? అదే నోటితో "మీ వాళ్ళు గట్టోళ్ళురా, ఆటల్లో పెట్టండి" అనీ అంటారు. ఒంటిని పొగుడుతూనే బుర్రని తక్కువ చేస్తారు. నిజంగా దెబ్బ తగిలితే "గట్టోడే, ఏం కాదులే" అంటారు. మట్టి కోర్టులో కబడ్డీ ఆడుతూ తల నేలకు కొట్టుకుని, కళ్ళు తిరుగుతున్నా మళ్ళీ కూతకెళ్ళినవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆట ఆపితే స్పోర్ట్స్ కోటా పోతుందన్న భయం ఒకటి.

ఆటలు మానేయమని మేం చెప్పట్లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఆడండి. కానీ డిగ్రీ మాత్రం వదలకండి, బోర్లాండ్‌కి లేచి వెళ్ళే వీలిచ్చిన వాటిలో అదొకటి. ఇక మన ఊళ్ళ మధ్య జరిగే టోర్నమెంట్లకైతే ఒక రూలు మనమే పెట్టుకోవచ్చు. తలకు దెబ్బ తగిలి తూలినా, కళ్ళు తిరిగినా, అడిగినదానికి తికమకగా జవాబిచ్చినా ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే, ఫైనల్ అయినా సరే. వాంతులైనా, మత్తుగా పడుకుంటున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కెప్టెన్లు ఒప్పుకుంటారా? కింద రాయండి.