కోడ్ వచ్చింది సరే, కారణం ఏది?

కారు డ్యాష్‌బోర్డులో పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగితే మన దగ్గర జనం మూడు రకాలు. ఒకరు దాని మీద స్టిక్కర్ బొట్టు అంటిస్తారు. నవ్వకండి, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర నా కళ్లతో చూశాను. ఇంకొకరు బ్యాటరీ టర్మినల్ పీకి, ఒక టీ తాగి, మళ్లీ తగిలిస్తారు. మూడో రకం వాళ్లు బుద్ధిగా షెడ్డుకు తీసుకుపోతారు. అక్కడ స్కానర్ పెడతారు, ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్’ అంటారు, వీళ్లు డబ్బులు కట్టి వస్తారు. ముగ్గురిలో ఎక్కువ నష్టపోయేది ఈ మూడో మనిషే అని నా అభిప్రాయం. మొదటి ఇద్దరికీ బండిలో ఏదో తేడా ఉందని కనీసం తెలుసు. ఇతను బాగైపోయిందని నమ్ముతాడు.

సెన్సర్ మార్చడం తప్పు అనట్లేదు. సెన్సర్లు పోతాయి. ఆయిల్ మండే ఇంజిన్‌లో బూడిద పట్టి పోతాయి, కల్తీ పెట్రోలుకు పోతాయి, కనిపించిన చోటల్లా సిలికాన్ పేస్టు పూసే మెకానిక్ చేతిలో పడితే ఆ ఆవిరికి తెల్లపొర కట్టి పోతాయి. పోయిందని తేల్చుకోకుండానే మార్చేయడం గురించే నా గొడవంతా.

ముందు ఆ వస్తువేంటో మాట్లాడుకుందాం. మన పాత సైన్సు పుస్తకాల్లో ఆక్సిజన్‌ను ఆమ్లజని అనేవాళ్లు. ఆదోనిలో ఏ స్పేర్ పార్ట్స్ షాపుకైనా పోయి ‘ఆమ్లజని గ్రాహకం ఇవ్వన్నా’ అంటే పైనుంచి కిందకి చూస్తారు. అక్కడ దాని పేరు ‘ఓటూ సెన్సర్’, ఇంకా తొందరుంటే ‘సైలెన్సర్ సెన్సర్’. పొగ గొట్టంలోకి స్పార్క్ ప్లగ్గులా బిగించి ఉంటుంది. లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. దానికి ఒకవైపు పొగ, ఇంకోవైపు బయటి గాలి. రెండు వైపులా ఆక్సిజన్ మోతాదు వేరు కాబట్టి మధ్యలో వోల్టేజ్ పుడుతుంది. ఎక్కడో విన్నట్టుందా? ఫస్టియర్ కెమిస్ట్రీలో మనందరం బట్టీపట్టిన నెర్న్‌స్ట్ సమీకరణమే ఇది. పదిహేను మార్కుల ప్రశ్నగా రాసొచ్చాం. అది మన కాలేజీ పార్కింగ్‌లో ఉన్న ప్రతి పెట్రోలు కారు కింద పని చేస్తోందని ఎవరూ చెప్పలేదు. బీఎస్ 6 వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ నుంచి, కొత్త బైకుల్లోనూ ఉంటోంది.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. జిర్కోనియాలో కొంచెం ఇట్రియా కలిపి వేడి చేస్తే కరెంటు పోతుందని కనిపెట్టి, దాంతో దీపం తయారు చేసింది కూడా ఆ నెర్న్‌స్టే, 19వ శతాబ్దం చివర్లో. ఆ దీపంతో ఒకటే చిక్కు. చల్లగా ఉంటే వెలగదు, ముందు బయటి నుంచి వేడి చేయాలి. 1976లో బాష్ కంపెనీ సెన్సర్ మొదట వోల్వో కార్లలోకి ఎక్కినప్పుడు కూడా అదే చిక్కు. దాదాపు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా పలకదు. తర్వాతి రోజుల్లో పొగ వేడి కోసం కాచుకోకుండా సెన్సర్ లోపలే చిన్న హీటర్ పెట్టారు. మామూలు నాలుగు వైర్ల సెన్సర్‌లో రెండు వైర్లు ఆ హీటర్‌వే. ఈ రెండు వైర్లను గుర్తు పెట్టుకోండి.

పోయిన శ్రావణంలో మా చిన్నాయన బండి విషయం చెప్తాను. ఉరుకుంద గురించి మన కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం ఒక మాట. కౌతాళం మండలంలో ఈరన్న స్వామి గుడి ఉన్న ఊరు. శ్రావణ మాసం వస్తే సోమవారం, గురువారం కాలు పెట్టే సందుండదు. కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. ఆదోని రైల్వేస్టేషన్ నుంచి ఉరుకుందకు, అక్కడి నుంచి మంత్రాలయానికి బాడుగలు తిప్పేవాళ్లకు ఏడాది మొత్తంలో నాలుగు రాళ్లు మిగిలే నెల అదే. చిన్నాయనది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎస్ 4 పెట్రోలు కారు. కంతులు ఇంకా ఉన్నాయి. శ్రావణం మొదలయ్యే వారం ముందు లైటు వెలిగింది. ఒక షెడ్డులో చూపించాడు. ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చి, పనికూలీతో కలిపి 4,600 రూపాయలు తీసుకున్నారు. లైటు ఆరింది. మూడో రోజు గుడి దగ్గర ట్రాఫిక్‌లో మళ్లీ వెలిగింది. ఫోన్ చేస్తే, ‘ఇప్పుడొస్తున్న పెట్రోలే అంత, ఎథనాల్ కలుపుతున్నారు, మేమేం చేస్తాం’ అన్నారట. ఈ మధ్య ఎథనాల్ అందరికీ భలే దొరికింది. టైరు పంక్చరైనా దాని మీదే వేసేలా ఉన్నారు.

నేను సెలవులకు వెళ్లినప్పుడు నా దగ్గరున్న ఈఎల్‌ఎం 327 అడాప్టర్ తీసుకుపోయాను. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో చూస్తే వచ్చిన కోడ్ పీ 0135. దాని అర్థం ‘సెన్సర్ పోయింది’ అని కాదు. మొదటి బ్యాంకు, మొదటి సెన్సర్, *హీటర్ సర్క్యూట్‌లో* లోపం అని. సర్క్యూట్ అన్న మాటను షెడ్డులో మింగేశారు. సర్క్యూట్ అంటే హీటర్ ఒక్కటే కాదు. ఫ్యూజు, రిలే, వైరు, కనెక్టర్ పిన్ను, ఈసీయూ వరకూ మొత్తం దారి. ఆ దారిలో ఎక్కడ తెగినా కోడ్ అదే వస్తుంది.

కోడ్ పక్కనపెట్టి లైవ్ డేటా చూశాం. మెయిన్ రోడ్డు మీద అరవైలో పోతుంటే సెన్సర్ వోల్టేజ్ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతోంది. ఆరోగ్యంగా ఉన్న మామూలు జిర్కోనియా సెన్సర్ లక్షణం అది. గాలి ఎక్కువైతే కింద, పెట్రోలు ఎక్కువైతే పైన. (కొత్త బండ్లలో వచ్చే వైడ్‌బ్యాండ్ సెన్సర్లకు ఈ లెక్క పనికిరాదు, అవి వేరే రకం.) అదే బండిని చెట్టుకింద పావుగంట ఐడిలింగ్‌లో ఉంచితే వోల్టేజ్ 0.45 దగ్గర గీత గీసినట్టు నిలబడిపోయింది. అంటే వేడిగా ఉన్నంతసేపు సెన్సర్ కబుర్లు చెప్తోంది, చల్లబడగానే మూగబోతోంది. మూగబోతే ఈసీయూ ఏం చేస్తుంది? పొగను చూసి పెట్రోలు సర్దడం మానేసి, తన దగ్గర ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పోస్తుంది. గుడి దగ్గర గంటలకొద్దీ పాకే బండికి జరుగుతున్నది ఇదే. మైలేజీ ఎందుకు పడిపోయిందో, నిలబడితే పెట్రోలు వాసన ఎందుకొస్తుందో తెలిసింది.

ఇక పాత సెన్సర్. చిన్నాయన దాన్ని పారేయకుండా డిక్కీలో ఉంచాడు. ఆయన ఏదీ పారేయడు, పిన్నికి ఆ విషయంలో చాలా ఫిర్యాదులున్నాయి. మల్టీమీటర్‌తో దాని హీటర్ రెండు వైర్ల మధ్య కొలిస్తే 6 ఓములు. చాలా సెన్సర్లలో చల్లగా ఉన్నప్పుడు ఇలా కొద్ది ఓములే ఉంటుంది. హీటర్ తెగిపోయుంటే మీటర్ ఏమీ చూపించదు. అంటే తీసి పక్కన పడేసిన సెన్సర్ హీటర్ నిక్షేపంగా ఉంది.

మరి కరెంటు అందుతోందా? కనెక్టర్ విప్పి సప్లై పిన్నుకు మీటర్ పెడితే 12.3 వోల్టులు. ఫ్యూజు బాగుంది. కాగితం మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి, బండి మాత్రం సరిగ్గా లేదు. అప్పుడు చిన్నాయన ఆదోనిలో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయాడు. అందరూ తాత అంటారు. స్కానర్ ఎప్పుడూ పట్టుకోలేదు. నా ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. రెండు వైర్లు అతికించిన ఒక ఇండికేటర్ బల్బు తీసి, ఒక కొన బాడీకి, ఇంకో కొన హీటర్ సప్లై పిన్నుకు పెట్టాడు. బల్బు వెలగలేదు. లోపల తీగ మాత్రం ఎర్రగా మిణుకుమంది.

‘తాతా, మీటర్‌లో పన్నెండు చూపిస్తాంది కదా’ అన్నాను.

‘కొళాయిలో నీళ్లున్నాయా లేవా అని నీ మీటరు చెప్తాది అబ్బీ. బిందె నిండుతాదా లేదా అనేది బల్బు చెప్తాది’ అన్నాడు.

నాలుగేళ్లలో ఓమ్ సూత్రాన్ని ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు. లెక్క వేసి చూడండి. మల్టీమీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. వైరు ఒక్క పోగు మీద వేలాడుతున్నా దానికి పూర్తి వోల్టేజ్ కనిపిస్తుంది. హీటర్ అలా కాదు. 6 ఓముల హీటర్ 12 వోల్టుల దగ్గర మొదటి క్షణంలో 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్లు. దారిలో తుప్పు వల్ల ఇంకో 10 ఓములు చేరాయనుకోండి. కరెంటు 0.75కి పడిపోతుంది, హీటర్‌కు దక్కేది మూడున్నర వాట్ల లోపే. దాంతో 300 డిగ్రీలు ఎక్కడ వస్తాయి? ఒక జాగ్రత్త: ఈ బల్బు పరీక్ష హీటర్ సప్లై వైరుకు మాత్రమే. సిగ్నల్ వైర్లకు పెట్టారో, ఈసీయూకు దండ వేయాల్సి వస్తుంది.

తాత వైరు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోయాడు. ఇంజిన్ బ్రాకెట్ దగ్గర క్లిప్పు ఊడి, వైరు ఇనుముకు రాసుకుని, పైతొడుగు చిరిగి, లోపల రాగి పచ్చగా పట్టింది. ఆ ముక్క కత్తిరించి, కొత్త వైరు వేసి, స్లీవ్ తొడిగి, ఊడిన క్లిప్పు బదులు ట్యాగ్ బిగించాడు. 200 రూపాయలు. కోడ్ చెరిపేశాం. ఐడిలింగ్‌లో కూడా వోల్టేజ్ ఊగడం మొదలైంది. శ్రావణం అయిపోయేదాకా లైటు మళ్లీ రాలేదు.

ఇంతవరకు చెప్పి షెడ్డు వాళ్లను తిట్టి ఊరుకుంటే సగమే అవుతుంది. తప్పులో మన వాటా కూడా ఉంది. ‘గంటసేపు వెతికాను, ఏ పార్టూ మార్చలేదు, 500 ఇవ్వండి’ అని మెకానిక్ అంటే మనవాళ్లలో ఎంతమంది ఇస్తారు? ‘చూసినందుకు కూడా డబ్బులా అన్నా?’ అంటాం. అదే 4,000 పెట్టి అట్టపెట్టెలో కొత్త పార్టు చూపిస్తే మారు మాట్లాడకుండా ఫోన్‌పే చేస్తాం. వెతికే పనికి విలువ కట్టం, వస్తువుకు కడతాం. అలాంటప్పుడు షెడ్డు నడిపేవాడు వెతుకుతాడా, వస్తువు అమ్ముతాడా? వాడికీ అద్దె ఉంది, పిల్లల ఫీజులున్నాయి. తాత తీసుకున్న 200 కూడా వైరుకు తీసుకున్నాడే గానీ ఆ బల్బు వెనకున్న నలభై ఏళ్లకు కాదు. ఆ మాటంటే చిన్నాయన ఇంకో 300 చేతిలో పెట్టాడు. తాత రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నాడు.

కాబట్టి నేను ఇప్పుడు తెలిసినవాళ్లందరికీ చెప్తున్నది ఇది. షెడ్డుకు పోతే కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు. ‘పోయిందని ఏం కొలిచి చెప్తున్నారన్నా?’ అని మర్యాదగానే అడగండి. కొలిచినవాడికి చెప్పడం ఇష్టంగానే ఉంటుంది. పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. కొలిచినందుకు విడిగా డబ్బులు అడిగితే బేరం ఆడకండి. హీటర్ కోడ్‌కు వైర్లు, ఫ్యూజు చూశాకే సెన్సర్ దాకా పోవాలి. మిశ్రమం పలచబడిందనే పీ 0171 లాంటి కోడ్‌కైతే గాలి లీకులు, మానిఫోల్డ్ దగ్గర పొగ లీకు ముందు చూడాలి. సెన్సర్‌కు ముందున్న చీలికలోంచి బయటి గాలి దూరినా ఆ సెన్సర్ నిజాయితీగా ‘ఆక్సిజన్ ఎక్కువుంది’ అనే చెప్తుంది. నిజం చెప్పినందుకు దాన్నే పీకేస్తాం.

నిజంగా పోయిందని తేలితే మార్చడం పెద్ద పని కాదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, ముందే మరకు తుప్పు వదిలే నూనె కొట్టి, వైరు పట్టే చీలిక ఉన్న ప్రత్యేకమైన సాకెట్‌తో విప్పాలి. కొత్తదాని మరకు గ్రీజు లాంటి యాంటీ సీజ్ పూయాలి (కొన్నింటికి పూసే వస్తుంది), మొనకు మాత్రం అంటకూడదు.

ఇక మన కాలేజీ మాట. మన ఆటోమొబైల్ ల్యాబ్‌లో కోసి రంగులేసిన కార్బురేటర్ ఉంది. చూడ్డానికి బాగుంటుంది. దాని పక్కన తుక్కు దుకాణంలో దొరికే పాత ఆక్సిజన్ సెన్సర్ ఒకటి, గ్యాస్ టార్చ్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి పెట్టమని నా విన్నపం. మంటలో మొన ఎర్రబడే కొద్దీ మీటర్ మీద వోల్టేజ్ ఎక్కడం, మంట తీయగానే పడిపోవడం ఫస్టియర్ పిల్లలు చూస్తే నెర్న్‌స్ట్ సమీకరణానికి బట్టీ అక్కర్లేదు. కెమిస్ట్రీ వాళ్లు మెకానికల్ వాళ్ల సబ్జెక్టంటారు, మెకానికల్ వాళ్లు ఎలక్ట్రికల్ అంటారు. చిన్నాయన మార్చిపారేసిన పాత సెన్సర్ ప్రస్తుతం నా హాస్టల్ గదిలో, టేబుల్ మీద పెన్నుల డబ్బాలో ఉంది. ఏ డిపార్ట్‌మెంట్ ముందు అడిగితే వాళ్లకిచ్చేస్తాను.