గృహధర్మము: విన్నమాట మరచుట

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమునకు వాయవ్యమున ద పాండ్స్ అను పేట గలదు. అచ్చట మన తెలుగు కుటుంబములును కాపురమున్నవి. అట్టి యొక యింటిని ఊహింతము. ఉదయము భార్య, "ఏమండీ, పిల్లవాని బడి రుసుము నేడే కట్టవలెను, వచ్చునప్పుడు పాలు తెండి" అనును. భర్త "సరే" అనును. సాయంకాలము వట్టిచేతులతో వచ్చును. తన మాటకు విలువ లేదని ఆమె మౌనము వహించును. సిగ్గుచే అతడు కసరుకొనును. ఇట్లే ఏండ్లు గడచును. మన దీవిలో మాత్రము ఇట్టి యిండ్లు లేవా?

ఇది నిర్లక్ష్యమే కానక్కరలేదు. ఏడీహెచ్‌డీ అను అవధాన లోపము పిల్లలకే గాక పెద్దలకును ఉండును. ఆస్ట్రేలియాలో 2022లో వెలువడిన వైద్య మార్గదర్శిక పెద్దల చికిత్సను గూర్చియు తెలుపుచున్నది. విన్నమాటను పని ముగియువరకు మనసున నిలుపుకొనుట వీరికి కష్టము. స్త్రీలయందీ లోపము తరచు గుర్తింపబడక, నింద మాత్రమే మిగులుచున్నది.

కావున మేము కోరునదేమన, ఎదుట నిలిచి ఒకమారు ఒకే పని చెప్పుడు. విన్నవారు దానిని తిరిగి పలికి, వెంటనే వ్రాసికొనవలెను. అయినను జ్ఞాపకము చేయు భారమంతయు ఒకరిపైననే మోపుట న్యాయము కాదు. మరచువారు తామే వైద్యుని సంప్రదింపవలెను. ఓర్పు ఇరువురిదియు కావలెను.